ఆపిల్ రసం తాగిన నక్క

లుడ్గర్‌కి బీరంటే రోత. తాగేవాళ్ళంటే కాదు, బీరంటేనే. జౌర్లాండ్ కొండల్లో ఓ చిన్న ఊరు వాళ్ళది. నాన్న లారీలో హోటళ్ళకి బీరు పెట్టెలు చేరవేసేవాడు. తిరిగొచ్చిన ఖాళీ సీసాలు వారమంతా ఇంటి నేలమాళిగలోనే ఉండేవి. సీసాల అడుగున మిగిలిన చుక్కలు పులిసిపోయి, ఆ కంపు మెట్లెక్కి పైకొచ్చి, వంటింట్లో రొట్టెకి కూడా పట్టేది. ఊహ తెలిసే వయసు రాకముందే ఆ పిల్లవాడికి ఆ వాసన తగిలితే కడుపులో దేవేది.

అమ్మ హెడ్‌విగ్ ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయా. మంచాన పడ్డవాళ్ళ మలమూత్రాలూ వాంతులూ ఎత్తే పని. ఇంటికొచ్చాక మోచేతులదాకా సబ్బు రుద్ది కడుక్కుంటేగానీ కన్నకొడుకుని కూడా ముట్టుకునేది కాదు. "పాపం వాళ్ళకి చేతకాక నా చేత ఎత్తించుకుంటున్నార్రా. చేతనైనవాళ్ళు ఎవరూ అలా చెయ్యరు," అనేది. ఆవిడ మాట అబద్ధమని తెలుసుకోవడానికి లుడ్గర్ ట్యూబింగెన్‌కి చదువుకెళ్ళాల్సి వచ్చింది.

సీటు సులువుగానే దొరికింది. తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. ఆ ఊళ్ళో అటకలు అద్దెకిచ్చే ముసలమ్మల తలుపుల ముందు కుర్రాళ్ళు వరసలు కట్టి నిలబడతారు. లుడ్గర్ ఆ వరసలన్నిట్లోనూ నిలబడ్డాడు. ఎక్కడా కుదరక చర్చివాళ్ళ హాల్లో కసరత్తు చాప మీద పడుకుని కాలేజీకి వెళ్ళేవాడు. ఆ రోజుల్లోనే నెకర్ నది పక్క కొండ మీద పాత విద్యార్థి సంఘం ఒకటి తన సొంత భవనంలో గదులిస్తోందని తెలిసింది. అద్దె దాదాపు లేనట్టే. నక్కతోక తొక్కాననుకున్నాడు లుడ్గర్.

తోక తొక్కడంతో అయిపోలేదు, నక్కే అయ్యాడు. ఆ సంఘంలో కొత్తగా చేరినవాణ్ణి నక్క అంటారు. నక్క ఛాతీ మీద అడ్డంగా రెండు రంగుల పట్టీ కట్టుకోవాలి. పూర్తి సభ్యుడైతే మూడు రంగులు. ఆ పట్టీ నేల మీద పడకూడదు, మాసిపోకూడదు, పాయిఖానాకి వెళ్తే తీసి చొక్కా లోపల దాచుకోవాలి. పట్టీకి ఉన్న శుభ్రం మనిషికి అక్కర్లేదు. ఎవడైనా నీ పేరు పిలిచి మగ్గు ఎత్తాడంటే నువ్వూ ఎత్తి అడుగుదాకా తాగాలి. కాదన్నవాడికి బీరు వెలి. వాడితో ఎవరూ తాగరు, వాడు పలకరిస్తే పలకరు, బల్ల దగ్గర వాడి వైపు చూడరు.

ఈ దేశంలో గొప్ప గొప్ప తత్వవేత్తలు పుట్టారంటారు. పుట్టే ఉంటారు. కక్కుకోవడానికని విడిగా ఒక పింగాణీ తొట్టి చేయించి, దాన్ని ఛాతీ ఎత్తున గోడకి బిగించి, పడిపోకుండా పట్టుకోవడానికి రెండు పక్కలా ఇనప పిడులు పెట్టించిన మహానుభావులు కూడా ఈ దేశంలోనే పుట్టారు. సంఘ భవనం కింది అంతస్తులో అలాంటి తొట్టి ఒకటుంది. ఆదివారం పొద్దున దాన్ని కడిగే పని నక్కది. లుడ్గర్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని కడిగేవాడు. అందులో కక్కేవాళ్ళందరూ రేపు జడ్జీలూ డాక్టర్లూ అయ్యేవాళ్ళు. చేతకానివాళ్ళేం కాదు.

ప్రతి నక్కకీ ఒక పెద్దన్న ఉంటాడు. లుడ్గర్ పెద్దన్న ఫోల్కార్డ్. లా చదువుతున్నాడు, ఎప్పటినుంచి చదువుతున్నాడో వాడికే సరిగ్గా గుర్తులేదు. నున్నటి బుగ్గలు, మెత్తటి మాట. నక్క తన తప్పు పెద్దన్న మీద పెట్టకూడదు, పెద్దన్న తప్పు మాత్రం నక్క మోయాలి. ఇది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు.

గదులు పూర్తి సభ్యులకే. చలికాలమంతా లుడ్గర్ మెట్ల కింద, మంచు మీద జారే చెక్కలు దాచే అరలో పడుకున్నాడు. తన వాటా బీరు ఎవరూ చూడనప్పుడు హాల్లో ఉన్న రబ్బరు మొక్క కుండీలో పోశాడు. మొక్క చచ్చింది. కిటికీ సందులోంచి చలిగాలి తగిలి చచ్చిందని సంఘం తీర్మానించింది. పై అంతస్తులో ఒక గది ఖాళీ అవుతోంది. దానికి నది కనిపించే కిటికీ, సొంత పొయ్యి, తాళం పడే తలుపు. వసంతంలో కాన్‌స్టాట్ బీరు జాతరకి అందరూ వెళ్ళొచ్చాక నక్కల సంగతి తేలుస్తామన్నారు. పనికొస్తాడంటే మూడు రంగుల పట్టీ, చదువు పూర్తయ్యేదాకా ఆ గది. పనికిరాడంటే మెట్ల కింద అర కూడా పోతుంది, మళ్ళీ చర్చి హాల్లో చాప.

శనివారం రైలెక్కారు. ట్యూబింగెన్ దాటకముందే సీసాలు తెరిచారు, పాటలెత్తుకున్నారు. ఎదురు సీట్లో ఉన్న ఒక తల్లి తన పిల్లని లేవదీసుకుని ఇంకో పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఫోల్కార్డ్ ఆవిడకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు. మర్యాదకేం లోటు లేదు వాళ్ళ దగ్గర.

గుడారంలో వాళ్ళకి ఏటా ఒకే బల్ల. అప్పటికే అక్కడ సంఘం పెద్ద, పళ్ళ డాక్టరు నీట్‌హామర్, పాత పట్టీ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాల్చిన కోడిని చేత్తో చీలుస్తున్నాడు. గెడ్డం నుంచి కొవ్వు కారుతోంది. బల్ల తడి, బెంచీ తడి, నేల మీద చెక్కలు తడి. ఏ తడి ఏమిటో ఆలోచించకుండా ఉండటమే మేలు. వేలమంది నోళ్ళ ఆవిరి, కోడి కొవ్వు, చెమట, చిమ్మిన బీరు అన్నీ కలిసి గుడారం కప్పు కింద మబ్బులా పేరుకున్నాయి. నేలమాళిగ కంపే ఇది, కాకపోతే ఇక్కడ బాజాలతో వస్తోంది. లుడ్గర్ చుట్టూ చూశాడు. ఇక్కడ రబ్బరు మొక్క లేదు.

అందరూ పాటలో ఉండగా లేచి గుడారం వెనక్కి వెళ్ళాడు. మగ్గులు కడిగే తొట్ల దగ్గర వాళ్ళ బల్లకి వడ్డించే రోస్విటా నడుం పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకుంటోంది. యాభై దాటిన మనిషి, దిట్టమైన భుజాలు.

"అక్కా, ఒక్క సాయం చెయ్యాలి," అన్నాడు.

"పాయిఖానా అటు," అంది అతనివైపు చూడకుండానే.

"అది కాదక్కా. నా మగ్గులో బీరు వద్దు. ఆపిల్ రసంలో సోడా కలిపి పొయ్యవా? మావాళ్ళకి తెలియకూడదు."

రోస్విటా అతన్ని టోపీ నుంచి బూట్లదాకా చూసింది. "కాన్‌స్టాట్ దాకా వచ్చి ఆపిల్ రసమా. ఏం, డాక్టరు మానెయ్యమన్నాడా?"

"లేదు. వాసన పడదు."

"వాసన పడనోడివి ఈ మందలో ఎందుకు పడ్డావు మరి?"

"గది కోసం."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "మా చెల్లెలి కొడుకూ అంతే, గది దొరక్క స్నేహితుడి కార్లో పడుకుంటున్నాడు. సరే, పోస్తాలే. పైన నురగ లేకపోతే పట్టేస్తారు. వేరే మగ్గులోంచి చెంచాతో తీసి వేస్తాను. తాగాక మూతి తుడుచుకోకు, నురగ మీసం ఉంటేనే నమ్ముతారు."

"నేను నీకేం చెయ్యనక్కా?"

"చేస్తానంటే ఒకటుంది." కుడిచెయ్యి చాపి చూపించింది. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. వేళ్ళు నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడ్డాయి. "ఖాళీ మగ్గులు చెవులు పట్టుకుని ఎత్తితే ఎన్నో రావు. లోపలికి వేళ్ళు పెట్టి గుత్తిగా ఎత్తుతాను. మీలాంటి చదువుకునే బాబులు వాటిల్లో కోడి ఎముకలు వేస్తారు, సిగరెట్టు పీకలు వేస్తారు, ముక్కు చీదిన కాయితాలు వేస్తారు. నా చెయ్యి వెళ్ళేది అందులోకే. మీ బల్ల మీద అది జరక్కుండా చూడు. అంతకంటే ఏమీ వద్దు."

"నాది పూచీ," అన్నాడు లుడ్గర్. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ చెయ్యి చూస్తే అతనికి ఇల్లు గుర్తొచ్చింది.

ఆ తర్వాత కాసేపు అతని జీవితం వెలిగిపోయింది. "ఒరేయ్ నక్కా, లేవరా," అని ఫోల్కార్డ్ మగ్గు ఎత్తగానే లేచి, గడగడా అడుగుదాకా తాగి, బల్ల మీద టప్పున పెట్టాడు. బల్లంతా నోరు తెరిచింది. "ఓర్నీ, చలికాలమంతా చెంచాతో తాగినవాడు ఇవాళ చెరువు తాగేస్తున్నాడే," అన్నాడొకడు. నీట్‌హామర్ జిడ్డు చేత్తోనే అతని వీపు తట్టి, "పొయ్యి వెలిగించడం వచ్చునా నీకు? పై గదిలో పొయ్యి కొంచెం మొండిది," అన్నాడు. అంటే గది వచ్చేసినట్టే. లుడ్గర్ ఆనందం పట్టలేకపోయాడు. పూచీ కూడా మరవలేదు. ఎవడైనా మగ్గులో ఎముక వేస్తే రెండు వేళ్ళతో తీసి పళ్ళెంలో పెడుతున్నాడు. "మా నక్క ఇల్లాలు," అని వెక్కిరించారు. రోస్విటా దూరం నుంచి చూసి తల ఊపింది.

మధ్యాహ్నం వాలేసరికి బెంచీల మీద కూర్చున్నవాళ్ళు లేరు, అందరూ ఎక్కి గెంతుతున్నారు. పక్క బల్ల మీద ఒకడు తన బూటులో బీరు పోయించుకుని తాగాడు. ఇంకొకడు గుడారం గుడ్డకే ఆనుకుని పని కానిస్తుంటే వాడి పెళ్ళాం వాడి టోపీ పట్టుకుని నిలబడింది. ఫోల్కార్డ్ పాట మధ్యలో ఆపాడు. నున్నటి బుగ్గలు పాలిపోయాయి. పాయిఖానా ముందు వరస జాతర సగం దాకా ఉంది. మామూలు మనిషైతే గుడారం బయటికి పరిగెత్తేవాడు. ఫోల్కార్డ్‌ది మామూలు అలవాటు కాదు. ఏళ్ళ తరబడి కడుపులోంచి రాగానే చేతికందే ఎత్తులో తొట్టి, పట్టుకోవడానికి పిడి ఉన్న ఇంట్లో బతికాడు. చెయ్యి అలవాటుగా చాపాడు. మగ్గు చెవి దొరికింది. అందులో కక్కాడు.

నింపాదిగా, ఒలకకుండా. తర్వాత పక్కవాడి మగ్గులోంచి చెంచాతో నురగ తీసి పైన కప్పాడు.

"నిండు మగ్గు వదిలేశాడనుకుంటుంది పాపం," అన్నాడొకడు, నవ్వాపుకుంటూ. దాన్ని ఖాళీ మగ్గుల మధ్యకి తోశారు. నీట్‌హామర్ చూశాడు, చూసి కోడి కాలు కొరికాడు.

రోస్విటా వచ్చింది. లుడ్గర్‌ని చూసి కన్ను గీటింది, నీ బల్ల శుభ్రంగా ఉందిలే అన్నట్టు. మగ్గుల లోపలికి చూడలేదు. చూడాల్సిన పని లేదనుకుంది. ఒక్కొక్కదాన్నీ వేళ్ళకి తగిలించుకుంటూ వస్తోంది. లుడ్గర్ నోరు తెరిచాడు. బల్ల కింద ఫోల్కార్డ్ బూటు అతని కాలివేళ్ళ మీద పడి నొక్కింది. అక్కా, వద్దు. ఆ రెండు ముక్కలకీ కావలసినంత వ్యవధి ఉంది. లుడ్గర్‌కి కిటికీ కనిపించింది, నది కనిపించింది, తాళం పడే తలుపు కనిపించింది. నోరు మూసుకున్నాడు. ఆమె వేళ్ళు నురగలోకి దిగాయి.

ఆమె మిగతా మగ్గులు ఒక్కొక్కటే బల్ల మీద దించింది, ఏదీ పగలకుండా. చెయ్యి పైకి తీసింది. నమిలీ నమలని కోడి తునకలూ క్యాబేజీ పోగులూ వేళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా జారాయి. అప్పుడు పగలబడింది బల్ల. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఒకరి భుజం మీద ఒకరు పడుతూ నవ్వారు. గుడారం కాపలావాడు పరిగెత్తుకొచ్చి చూసి మొహం చిట్లించాడు. "ఎవడిది ఇది? వాడొక్కడూ బయటికి నడవాలి. చెప్పకపోతే బల్లంతా ఖాళీ చెయ్యాలి," అన్నాడు.

ఫోల్కార్డ్ జేబురుమాలుతో మూతి అద్దుకున్నాడు. "నక్కా," అన్నాడు, మరిచిపోయిన సంగతి గుర్తుచేస్తున్నట్టు మెత్తగా, "నీదే కదరా?"

లుడ్గర్ లేచి నిలబడ్డాడు. "నాదే," అన్నాడు.

రోస్విటా అతనివైపు తిరిగింది. "నీదా?"

"నాదే అక్కా."

"పొద్దుట్నుంచీ నీ మగ్గులో పోసింది నేనే బాబూ. ఆపిల్ రసం." ఆ చేతిని అతని ముక్కు దగ్గరికి తెచ్చింది. "వాసన చూడు. ఆపిల్ రసం ఇలా కంపు కొడుతుందా?"

లుడ్గర్ మొహం తిప్పుకున్నాడు. నవ్వుతున్నవాళ్ళ మొహాల్లో ఇప్పుడు నిజమైన ఏవగింపు కనిపించింది. ఆమె చెయ్యి చూసి కాదు. ఆ చెయ్యి వైపు ఎవరూ చూడటం లేదు. అందరూ లుడ్గర్ మగ్గు వైపు చూస్తున్నారు. నీట్‌హామర్ అందులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంట్లో శవం లేచినట్టు మొహం పెట్టాడు.

"ఆపిలే," అన్నాడు.

"దానితోనే పడ్డాడు నాతో పోటీ. పవిత్రమైన మగ్గు పట్టుకుని. ఛీ," అన్నాడు ఫోల్కార్డ్. ఇంకా వాడి గెడ్డానికి క్యాబేజీ పోగు ఒకటి వేలాడుతూనే ఉంది.

"మీ మగ్గుల సంగతి మీరు తర్వాత చూసుకోండి," అంది రోస్విటా. "నువ్వు చెప్పు బాబూ. నువ్వు చూశావు. నాకు పూచీ పడ్డావు. క్షమాపణలూ అవీ నాకొద్దు. ఎవడో చెప్పు, చాలు."

ఇంత జరిగాక గది రాదని లుడ్గర్‌కి తెలుసు. అయినా ఒక మూల, ఏమో, వస్తుందేమో, ఇప్పుడు నోరు మెదపకపోతే వస్తుందేమో అనే కక్కుర్తి చావలేదు. ఫోల్కార్డ్ అతన్నే చూస్తున్నాడు. లుడ్గర్ నేల వైపు చూశాడు.

"నాదే," అన్నాడు మళ్ళీ.

"అంతేలే," అంది. ఎడమచేత్తో అతని ఛాతీ మీద పట్టీని పట్టుకుని ముందుకు లాగింది. దాంతో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. తొందరేం పడలేదు, వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది. తర్వాత ఆ తడి పట్టీని అతని చొక్కా మీద మళ్ళీ సరిగ్గా పరిచి, అరచేత్తో ఒకసారి చదును చేసింది. బల్ల మీది మగ్గుల్లోకి వేళ్ళు పెట్టి, గుత్తిగా ఎత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

సంఘానికి అప్పుడొచ్చింది పౌరుషం. పట్టీకి అవమానం జరిగిందని ఇద్దరు ఆమె వెంట లంఘించబోయారు. నీట్‌హామర్ వాళ్ళ చొక్కాలు పట్టుకుని ఆపాడు. "కూర్చోండ్రా. ఆవిడతో పెట్టుకుంటే వచ్చే వసంతానికి ఈ బల్ల దొరకదు," అన్నాడు. కానీ కూర్చోనివ్వలేదు కాపలావాడు. అందర్నీ బయటికి గెంటాడు.

గుడారం వెనక కంచె దగ్గర పంచాయితీ జరిగింది. కంచె పొడుగునా మగవాళ్ళు వీపులు తిప్పుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ కిందనుంచి పారి వస్తున్నదాన్ని దాటుకుంటూ దాటుకుంటూ సంఘం గుండ్రంగా నిలబడింది. బీరు వెలి వెయ్యాలన్నారు. వెలి చాలదు, ఇవాళే సామాను సర్దించాలన్నారు. లుడ్గర్‌కి ఛాతీ మీద పట్టీ తడి చొక్కాలోంచి ఒంటికి తగులుతోంది. ఆ కంపు ముక్కు కిందే ఉంది, ఎటు తిరిగితే అటు వస్తోంది.

నీట్‌హామర్ చివర మాట్లాడాడు. "ఆపిల్ రసం తాగడం తప్పే. అసహ్యకరమైన తప్పు. కానీ ఒకటి చూడండి. రెండుసార్లు అడిగింది ఆవిడ. ముక్కు దగ్గర పెట్టి మరీ అడిగింది. వీడు పేరు చెప్పాడా? నా కాలంలో కూడా ఇలాంటి నక్కని చూడలేదు నేను. తాగడం ఎవరైనా నేర్చుకుంటారు. ఇది నేర్పితే వచ్చేది కాదు."

అందరూ ఆలోచించారు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఫోల్కార్డ్ ముందుకొచ్చి, పట్టీకి తగలకుండా జాగ్రత్తగా లుడ్గర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ గది వీడిదే. కాకపోతే ఒక షరతు. ఇక్కడే, మా కళ్ళముందు, ఒక నిజమైన బీరు," అన్నాడు. ఎవడో జేబులోంచి సీసా తీసి మూత లాగాడు.

లుడ్గర్ సీసా అందుకున్నాడు. మూతి దగ్గరికి రాగానే నేలమాళిగ వాసన వచ్చింది. ఆ ఖాళీ సీసాలు, ఆ మెట్లు, మోచేతులదాకా సబ్బు రుద్దుకుంటున్న అమ్మ. కళ్ళు మూసుకుని ఎత్తాడు. ఇప్పుడు వస్తుంది, కడుపులోంచి పైకి తన్నుకుని వస్తుంది అనుకుంటూ తాగాడు. నిజం చెప్పాలంటే రావాలనే కోరుకున్నాడు. ఈ పట్టీ మీద, ఫోల్కార్డ్ బూట్ల మీద, డాక్టరు గెడ్డం మీద అంతా కక్కేస్తే ఎంతో హాయిగా ఉంటుందనిపించింది. సీసా అయిపోయింది. ఏమీ రాలేదు. చిన్న తేన్పు వచ్చింది, అంతే. కడుపు నింపాదిగా ఉంది. నాలుక మీద చేదు కూడా ఫరవాలేదనిపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోల్కార్డ్ ఇంకో సీసా తీశాడు. "ఇంకోటి ఇవ్వనా తమ్ముడూ?" అన్నాడు. నక్కా అనలేదు.

లుడ్గర్ చెయ్యి చాపాడు.